జేబు లేని డాక్టరమ్మ మడతచాకు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కొత్తగా పశువుల డాక్టరుగా చేరింది, దివిసీమలో పోస్టింగు ఇచ్చారు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. అన్నీ ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీయించుకున్న మడతచాకుల బొమ్మలు.

"మేడమ్, వీటిలో ఏది కొనుక్కోమంటారు? ఇది చూడండి, ఎంత నీట్‌గా ఉందో. ఒక్క గీత లేదు, ఒక్క పువ్వు లేదు" అంది.

నిజమే, బాగుంది. సన్నగా, బూడిదరంగులో, మడిస్తే ఒక ఉక్కు బద్దలా ఉంది. అచ్చం అలాంటిదే నా దగ్గర ఒకటి ఉండేది. ఆ మాట చెప్పబోయి మానేశాను. ఏదో ముక్తసరిగా సమాధానం చెప్పి పంపించేశాను. ఆ పిల్ల వెళ్ళాక నా మీద నాకే చిరాకేసింది. ముప్పై ఏళ్ళు గేదెల వెనకాల తిరిగినదాన్ని, చాకు సంగతి అడిగితే సరిగ్గా చెప్పలేకపోవడమేమిటి? అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు చీర సంగతి

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద పడుకుందో ఇక్కడ రాయను. రిటైరైన ప్రతివాళ్ళూ ఆ కథే చెబుతారు, వినేవాళ్ళు ఆవలిస్తారు. కృష్ణా డెల్టాలో పశువుల డాక్టరంటే గేదెల డాక్టరు. ఈనలేక అవస్థపడే గేదె, కడుపుబ్బిన గేదె, కాలవ బురదలో కూరుకుపోయిన గేదె, ఇదీ నా ఉద్యోగం. కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని కారులో దిగేవాళ్ళు నా సర్వీసు చివర్లో బందరులో కనిపించారు. వాళ్ళని చూసి నాకు నవ్వొచ్చేది.

గొడ్ల చావిట్లోకి వెళ్ళగానే డాక్టరుకి కావలసింది మందు కాదు. తాడు కోసే సాధనం. కాలేజీలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. పడిపోయిన గేదె మెడకి పలుపు బిగిసి ఉంటుంది. గుంజకి వేసిన ముడి దాని బరువుకి రాయిలా అయిపోయి ఉంటుంది. ఒకప్పుడు జనుము తాడు, కొబ్బరితాడు ఉండేవి. అవి కాస్త సాగేవి, మరీ లాగితే తెగేవి. తొంభైల్లో ఊరూరా నైలాను తాడు వచ్చేసింది. నీలంది, పచ్చది, చవకది. అది తెగదు, తడిస్తే ముడి ఊడి రాదు. ముందు దాన్ని కోసి పశువుకి ఊపిరందిస్తేనే మన వైద్యం.

బ్యాగులో శస్త్రచికిత్స కత్తులు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. ఆ బ్యాగు కాంపౌండరు చేతిలో, చావిడి గుమ్మం దగ్గర ఉంటుంది. మనం లోపల గేదెకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటాం. చాకు ఒంటి మీద ఉండాలి. మగ డాక్టర్లకి ప్యాంటు నిండా జేబులే. నాకు చీర. పైన కట్టుకునే రబ్బరు ఏప్రన్‌కి జేబు కుట్టాలని ఏ మహానుభావుడికీ తోచలేదు.

కాబట్టి బొడ్లో దోపుకునేదాన్ని, కుచ్చిళ్ళకి కాస్త పక్కగా. మా అమ్మ తాళాలగుత్తి దోపుకునే చోట. ఒక రైతు చూసి, "తాళాలనుకున్నానండీ డాక్టరమ్మగారూ, చాకా అది! మీ ఆయనగారు జాగర్తగా ఉండాలే" అన్నాడు. "ఆయన సంగతి సరే, నువ్వు గేదెని సరిగ్గా పట్టుకో" అన్నాను. బొడ్లో పెట్టుకునే చాకు పల్చగా ఉండాలి, వంగినప్పుడు గుచ్చుకునే ఎత్తుపల్లాలు ఉండకూడదు. ఇప్పటి పిల్లలు మినిమలిస్ట్ డిజైన్ అంటున్నారే, ఆ పేరు నాకు అప్పట్లో తెలియదు. అవసరం మాత్రం తెలుసు.

సోడా కొట్టే చాకు

మొదటి పోస్టింగు గుడివాడ పక్కన ఒక పల్లెటూరు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో మా ఆయన బెజవాడ వెళ్ళి ఒక మడతచాకు కొనుక్కొచ్చారు. ఎర్రటి పిడి. అందులో బ్లేడు, కత్తెర, చిన్న రంపం, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునే పుల్ల. "డాక్టరువి కదా, అన్నీ పనికొస్తాయి" అన్నారు. ఆయన లెక్కల మాస్టారు, పాపం. నాకూ ముచ్చటేసింది. లావుగా ఉండి బొడ్లో నొక్కుకుపోతున్నా ఓర్చుకున్నాను.

ఆ ఊళ్ళోనే ఒక పెద్దాయన ఇంట్లో గేదె ఈనడం కష్టమైంది. దూడ అడ్డం తిరిగింది. మోచేతులు దాటి సబ్బు రాసుకుని లోపల చెయ్యి పెట్టి సరిచేస్తున్నాను. నొప్పులకి తాళలేక గేదె ధబాలున పక్కకి పడిపోయింది. పలుపు మెడకి బిగిసి నాలుక బయటికి వచ్చింది. చెయ్యి లాక్కుని చాకు తీశాను. చేతులనిండా సబ్బు, జిగురు. గోరు పెట్టి లాగాల్సిన గాడి ఎక్కడుందో ఆ చావిడి చీకట్లో తెలియదు. గోరు జారిపోతోంది. మొదట కత్తెర వచ్చింది. దాన్ని మూసి మళ్ళీ లాగితే సీసా మూత తీసేది వచ్చింది.

ఆ పెద్దాయన నా చేతిలోది చూసి, "సోడా తాగుతారా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే దాహమేసిందనుకున్నాడు. తర్వాత విషయం అర్థమై చూరులోంచి కొడవలి లాగి పలుపు కోశాడు. గేదె బతికింది. దూడ మాత్రం లోపలే పోయింది. కాస్త ముందు కోసి ఉంటే దూడ కూడా దక్కేదని నా నమ్మకం.

మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. చాకుని వంటింట్లో పెట్టాను. డబ్బా మూతలు తీయడానికి బాగానే పనికొచ్చింది.

అమ్మాయ్, ఇందులో నీకు పనికొచ్చేది ఇంతే. ఒక పిడికి ఒకే బ్లేడు. అది ఒక్క చేత్తో, బొటనవేలితో తెరుచుకోవాలి, చేతికి ఏమి అంటుకుని ఉన్నా సరే. కొట్టువాడి ముందు నిలబడి, వేళ్ళకి కాస్త కొబ్బరినూనె రాసుకుని తెరిచి చూడు. వాడు పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తాడు. చూడనీ.

నెమలి పిడి

రెండోది గుడివాడ బజారులో నేనే కొన్నాను. ఒకటే బ్లేడు, చక్కగా తెరుచుకునేది. పిడి ఇత్తడిది, దాని మీద నెమలి చెక్కి ఉంది. మెడ వంపు, విప్పిన పురి, ఎంత పనితనమో. ఆడదాన్ని కదా, నెమలికి పడిపోయాను. మగవాళ్ళు గుర్రానికీ పులికీ పడిపోతారు, పెద్ద తేడా లేదు.

పురి మధ్య గీతల్లో చీము, నెత్తురు, పేడ ఇరుక్కునేవి. ఉడకబెట్టేదాన్ని. బ్రష్షు పెట్టి రుద్దేదాన్ని. ఎండలో పెట్టేదాన్ని. అయినా వాసన పోయేది కాదు. గొంతువాపు వచ్చిన గేదె దగ్గర వాడిన చాకు మర్నాడు ఇంకో చావిట్లో తీయాలంటే భయమేసేది. రోగం నయం చేయడానికి వెళ్ళిన మనిషి రోగాన్ని నెమలి మీద ఎక్కించుకుని వెళితే ఎలా? మన పనిలో చాకు పిడికి చెక్కడం, రంగు, కలప, కొమ్ము, తోలు ఏవీ వద్దు. కడిగితే మురికంతా పోవాలి.

దానికి లాక్ కూడా లేదు. తెరిచిన బ్లేడు తెరిచినట్టు బిగుసుకుని నిలబడేలా పట్టి ఉంచేదాన్నే లాక్ అంటారు. అది లేకపోతే ఎదురు ఒత్తిడి తగలగానే బ్లేడు మన వేళ్ళ మీదికే ముడుచుకుపోతుంది. లావుపాటి మోకు కోస్తుంటే నాకు అదే జరిగింది. చూపుడువేలి నరం తెగింది. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా ముడవలేను.

కట్టుతో ఉండగానే మా పెద్దాఫీసరు తనిఖీకి వచ్చారు. మాటకారి. సభల్లో గోసంపద గురించి ఆయన మాట్లాడుతుంటే రైతులు కళ్ళు తుడుచుకునేవారు. గేదె తోక పట్టుకోవడం మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. "ఏమ్మా, వేలికేమైంది?" అన్నారు. చెప్పాను. "డాక్టరు చేతిలో చాకేంటమ్మా, కూరలు తరుగుతున్నావా? నీట్‌గా తెల్లకోటు వేసుకో, జేబులో పెన్ను పెట్టుకో. రైతుకి గౌరవం ఉంటుంది" అన్నారు. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళతో వాదించకండి. తలూపి వచ్చి మీ పని మీరు చేసుకోండి.

ఏమీ లేని చాకు

బందరు బదిలీ అయ్యాక కోనేరు సెంటరు వెనక సందులో ఖాదర్ గారి కొట్టు దొరికింది. తాళాలు, కత్తెరలు, టార్చిలైట్లు, గొళ్ళేలు అమ్మేవారు. పెద్దమనిషి, ఓపికమంతుడు. ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళు తెచ్చిన విదేశీ సామాను అప్పుడప్పుడు ఆయన దగ్గరికి వచ్చేది. నా రెండు చాకుల గోడూ వెళ్ళబోసుకున్నాను. ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన చాకు తెచ్చి, విప్పి అద్దాల బల్ల మీద పెట్టారు.

బూడిదరంగు ఉక్కు. కంపెనీ పేరు కూడా కనిపించదు. ఒకటే బ్లేడు, బొటనవేలితో నెట్టి తెరవడానికి బ్లేడు మీద చిన్న మొటిమ, తెరవగానే టక్కుమని పడే లాక్. పిడి అద్దంలా నున్నగా ఉంది.

"ఇందులో ఏముందండీ ఖాదర్ గారూ?" అన్నాను.

"ఏమీ లేదమ్మా. అదే దీని గొప్ప. ఏమీ లేకుండా చెయ్యాలంటే చేసేవాడికి పని బాగా వచ్చుండాలి" అన్నారు.

ఆ చాకుతో నాకు పెళ్ళయినంత సంబరమైంది. బొడ్లో పెట్టుకుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. కొళాయి కింద పెడితే శుభ్రమైపోయేది. చీకట్లో, వానలో, రక్తంలో, ఎప్పుడు తీసినా తెరుచుకునేది. ఎన్ని మెడలకి బిగిసిన తాళ్ళు కోసిందో లెక్కలేదు. ఇంతకంటే మంచి చాకు ఉండదని చాలామందికి చెప్పాను. దివిసీమకి బదిలీ అయినప్పుడు కూడా అదే నా వెంట వచ్చింది.

కాలవ గట్టు

దివిసీమలో నా కాంపౌండరు ఆనందరావు గారు. నాకంటే వయసులో పెద్ద, మెత్తని మనిషి, ఆదివారం చర్చి తప్పేవారు కాదు. పశువు భయపడకుండా మెడ నిమురుతూ ఏదో పాడేవారు. మేమిద్దరం కలిసి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాం.

మన ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది, మీకందరికీ తెలిసిందే. ఉప్పు, కారం, నూనె, చాకు చేతికి చెయ్యి ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తగువొస్తుందంటారు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. వంటింట్లో అమ్మ దగ్గర మొదలై ఇది చేతికి అంటుకుపోతుంది. ఆపరేషను చేసేటప్పుడు కూడా మేం కత్తిని ట్రేలో పెట్టి ఇచ్చిపుచ్చుకుంటాం, చెయ్యి తెగకుండా. ఊళ్ళో చూసి మొదటిదీ, ఆస్పత్రిలో చేసి రెండోదీ, ఆనందరావు గారికి ఈ రెండు అలవాట్లూ కలిసిపోయాయి. ఆయన ఎవరికీ చాకు చేతికిచ్చేవారు కాదు.

ఆ ఏడు గొంతువాపు టీకా మందు ఆలస్యంగా వచ్చింది. వానలకి ముందు వెయ్యాల్సినవి, కాలవలకి నీళ్ళు వదిలాక వేస్తున్నాం. ఊళ్ళో బురద. కాస్త గట్టిగా ఉన్న చోటు కాలవ గట్టే. పక్కన పిట్టగోడ లేని చిన్న సిమెంటు వంతెన. అక్కడికే గేదెల్ని తోలుకు రమ్మన్నాం. నిండు కాలవ, ఎర్రటి నీళ్ళు, మంచి జోరు మీద ఉన్నాయి.

రత్తమ్మ, కోటయ్య మొగుడూ పెళ్ళాలు. పోట్లాడుకోకుండా వాళ్ళిద్దర్నీ నేనెన్నడూ చూడలేదు. వాళ్ళ తగువు వినడానికే జనం వాళ్ళ అరుగు మీద చేరేవారు. ఆ రోజూ పోట్లాడుకుంటూనే వచ్చారు. కొత్తగా కొన్న పడ్డ, ఇంకా ఈనలేదు, బెదురు గొడ్డు. పలుపు ఎవరు పట్టుకోవాలన్నది తగువు.

"ఇటియ్యవే, అది నీ మాట వినదు" అన్నాడు కోటయ్య.

"నీ మాట ఇంట్లో పిల్లి కూడా వినదు, గేదె వింటదా? నీ చేతికిస్తే గేదెనీ వదిలేస్తావు, తాడునీ వదిలేస్తావు" అంది రత్తమ్మ. గట్టు మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె నైలాను పలుపుని మణికట్టుకి మెలివేసి చుట్టుకుని ఉంది. ఇక్కడ అందరూ చేసే పనే అది. జారిపోకుండా ఉంటుందని చేతికి చుట్టుకుంటారు. "రత్తమ్మా, చుట్టు విప్పు. లాగితే చెయ్యి పోద్ది" అన్నాను.

"ఎక్కడికి పోద్దండీ డాక్టరమ్మగారూ, నా బిడ్డ ఇది. మీరు పొడవండి" అంది. నాలుగడుగులు దగ్గరికి వచ్చి మళ్ళీ విప్పమన్నాను. విప్పుతానని ఎడంచేత్తో మొదలుపెట్టింది కూడా.

ఇంతలో పక్క గేదె, ఎవరో వాత పెట్టినట్టు, అరిచింది. పడ్డ బెదిరి ఒక్క గెంతు గెంతింది. అది కాలవలోకి దూకింది. రత్తమ్మ దాని వెనకే వెళ్ళిపోయింది. ఆమె కేక కూడా వెయ్యలేదు. గట్టు మీద చిట్లిన గాజుల ముక్కలు మాత్రం మిగిలాయి.

గేదెకి ఈత సమస్య కాదు. నీటి వాలుకి అది వంతెన కిందికి వెళ్ళింది. వంతెన మధ్యలో ఒక స్తంభం ఉంది. గేదె స్తంభానికి ఒక పక్కనుంచి, రత్తమ్మ ఇంకో పక్కనుంచి వెళ్ళారు. పలుపు స్తంభానికి అడ్డంపడి బిగిసింది. అటు గేదె లాగుతోంది, ఇటు రత్తమ్మ చెయ్యి సిమెంటుకి నొక్కుకుని, గడ్డం దాకా నీళ్ళలో వేలాడుతోంది. కోటయ్య చొక్కాతోనే దూకేశాడు. స్తంభాన్ని కాళ్ళతో కరుచుకుని, ఎడంచేత్తో ఆమె తల పైకెత్తి పట్టుకున్నాడు. "చాకు! చాకియ్యండి!" అని అరిచాడు.

నేను బొడ్లోంచి చాకు తీసి తెరిచాను. బ్లేడు టక్కున నిలబడింది. ఆనందరావు గారు అప్పటికే వంతెన అంచున బోర్లా పడుకుని చెయ్యి కిందికి చాపారు. ఆయన చేతిలో పెట్టాను. కోటయ్య కుడిచెయ్యి పైకెత్తాడు. ఇద్దరి చేతులకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. స్తంభం నెత్తిన, వంతెన బల్ల కింద, సిమెంటు అంచు ఒకటి ముందుకి పొడుచుకుని ఉంది, నాచు పట్టి తడిగా.

ఆనందరావు గారు చాకుని ఆ అంచు మీద పెట్టారు.

కోటయ్య వేళ్ళు దానికి తగిలాయి. నేను చూశాను, తగిలాయి. నున్నటి ఉక్కు, తడి వేళ్ళు, నాచు. చాకు పక్కకి జారి నీళ్ళలో పడింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. బూడిదరంగు చాకు, ఎర్రటి బురదనీళ్ళు. ఒక కుర్రాడు మునిగి వెతికాడు, ఇంకొకడు మునిగాడు. ఏమీ చిక్కలేదు. టీకాల క్యాంపు కదా, కత్తుల బ్యాగు ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

"కింద పెట్టావేంటయ్యా!" అని కోటయ్య వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎవరో కొడవలి కోసం ఇంటికి పరిగెత్తారు. కోటయ్య ఆ నైలాను తాడుని పళ్ళతో కొరకడం మొదలుపెట్టాడు. చిగుళ్ళు చీరుకుని నోట్లోంచి రక్తం కారుతోంది. తాడు పోగు కూడా లేవలేదు. రత్తమ్మ అతన్ని చూస్తూ ఏదో అంది. నీళ్ళ హోరులో వినపడలేదు. అంతలో గేదె ఒక్క ఊపు ఊపింది. ఆమె తల అతని చేతిలోంచి జారి నీళ్ళలోకి వెళ్ళింది.

కొడవలి వచ్చింది. తాడు తెగింది. ఆమెని గట్టు మీదికి లాగారు. నేను పశువుల డాక్టర్ని, అయినా తెలిసిందంతా చేశాను. ఛాతీ నొక్కాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. చేతులు పడిపోయేదాకా నొక్కాను. చివరికి కోటయ్యే నా చేతులు పట్టుకుని, "ఊరుకోండమ్మా" అన్నాడు.

గేదె కాస్త అవతల గట్టెక్కి గడ్డి మేస్తోంది.

గట్టు మీద మిగిలినవాళ్ళం

ఊళ్ళోవాళ్ళు రాత అన్నారు. నుదుట రాసింది ఎవరు తప్పిస్తారన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాత ఏమిటి? నైలాను తాడు, మణికట్టుకి చుట్టు, ఆలస్యంగా వచ్చిన మందు, నున్నటి చాకు, దాన్ని కింద పెట్టిన చెయ్యి. ఇందులో ఏదీ దేవుడు రాసింది కాదు.

ఆనందరావు గారి మీద నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. కొన్నాళ్ళు ఆయనతో అవసరమైనంతే మాట్లాడాను. ఒకరోజు ఆస్పత్రి వెనక వేపచెట్టు కింద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నారు. "నాకు అవేమీ నమ్మకం లేవు కదండీ మేడం. మా ఇంట్లో అట్టాంటి పట్టింపులే లేవు. చెయ్యి దానంతట అదే పోయిందండీ" అన్నారు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. నమ్మకం ఉన్నవాడైతే ఆ క్షణంలో ఒక్కసారి ఆలోచించి మానుకునేవాడేమో. ఈయనది ఉత్త అలవాటు, ఆలోచన దాకా రాలేదు. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

పెద్దాఫీసరు కారులో వచ్చారు. టీకా మందు ఎందుకు ఆలస్యమైందని అడుగుతారనుకున్నాను. గట్టు మీద క్యాంపు ఎందుకు పెట్టాల్సి వచ్చిందని అడుగుతారనుకున్నాను. ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఆ చాకు ప్రభుత్వం ఇచ్చిందేనా? నీ సొంతమా? సొంతమైతే నువ్వే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, చూసుకో" అన్నారు. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక మనిషిని కొట్టాలనిపించింది ఆ ఒక్కసారే.

ఇక ఏది కొనాలంటే

అమ్మాయ్, నువ్వు నీట్‌గా ఉందన్న రకమే కొనుక్కో. సాదాగా ఉన్నదే కొనుక్కో. ఒక బ్లేడు, లాక్, ఒంటిచేత్తో తెరుచుకోవడం, చెక్కడం లేకపోవడం, నేను ఇప్పటికీ వీటికే ఓటు వేస్తాను. కానీ బొమ్మలో అందంగా ఉన్నదంతా తడిచేతిలో అందంగా ఉండదు. పిడి నున్నగా మెరిస్తే వద్దు. గరుకుగా, ఇసకకాగితం రుద్దినట్టు ఉండాలి. పిడి చివర బెజ్జం ఉండాలి. లేకపోతే వెయ్యించు. దానికి పచ్చటి తాడు వదులు ఉంగరంలా కట్టి, ఇచ్చేటప్పుడు ఆ తాడు పుచ్చుకునేవాళ్ళ మణికట్టులో పడేలా ఇవ్వు. డిజైను పాడవుతుందని నీకు అనిపిస్తుంది. పాడవనీ.

తర్వాత బందరు వెళ్ళినప్పుడు ఖాదర్ గారికి జరిగింది చెప్పాను. ఆయన కొట్టులో మిగిలిన అలాంటి చాకులన్నీ బయటికి తీసి పిడులకి ఇసకకాగితం పట్టించారు, బెజ్జాలు వెయ్యించారు. ఒకటి నాకిచ్చారు. ఇచ్చేటప్పుడు అలవాటుగా అద్దాల బల్ల మీద పెట్టబోయి ఆగి, నా చేతిలో పెట్టారు.

మీ దగ్గర పనిచేసేవాళ్ళందరికీ ఇది నేర్పండి. చాకు చేతికే ఇవ్వాలి, పిడి ముందుకి పెట్టి. అవతలివాళ్ళు "పట్టుకున్నా" అని నోటితో అనేదాకా వదలకూడదు. వంటింట్లో మీ ఇష్టం. పనిలో మాత్రం ఇంతే.

మరుసటి ఏడు టీకాలకి కోటయ్య ఆ పడ్డనే తోలుకొచ్చాడు. అప్పటికి ఈనింది. అందరూ అమ్మెయ్యమన్నారట, అమ్మలేదు. ఒక్కడే వచ్చాడు, పక్కన ఎవరూ లేకుండా, మాటా పలుకూ లేకుండా. ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. టీకా అయిపోయాక వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు. ఆనందరావు గారు దూరంగా ఉన్నారు, ఇటు రాలేదు.

"ఒక మాట అడగనాండీ డాక్టరమ్మగారూ" అన్నాడు.

"అడుగు కోటయ్యా."

"చాకు చేతికిస్తే తగువులొస్తాయని కింద పెడతారంట కదండీ. మాకు పొద్దున లేస్తే తగువేగదండీ. ఇంకో తగువొస్తే ఏమైపోయేదండీ?"

అతను పలుపు పట్టుకుని గేదెని తోలుకుంటూ వెళ్ళిపోయాడు.